శ్రేయ పప్పన్నం

తాండూరులో మహేశ్వరి ఇంట్లో మిక్సీ తిరిగిందంటే శ్రేయ అటు తల తిప్పి నవ్వుతుంది. ఆరేళ్ల ఆ పాపకు పుట్టినప్పటి నుంచీ మింగడం రాదు. నోట్లో పోసిన గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ నిమోనియా చేసేది. చివరికి హైదరాబాదులో డాక్టర్లు పొట్టకు చిన్న రంధ్రం చేసి పైపు అమర్చారు. అప్పటి నుంచి డబ్బా పొడి కలిపిన పాలే ఆ పాప తిండి.

ఆ పాలు సరిగా ఇమడలేదు. పైపులో పోసిన కాసేపటికే కక్కేది. కూతురి అవస్థ చూడలేక మహేశ్వరి డైటీషియన్ నిఖిలను నిలదీసినంత పని చేసింది.

"మేడం, మేం తినేదే మెత్తగ జేసి పైపుల పోయొద్దా?"

నిఖిల వెంటనే ఔననలేదు. డాక్టరుతో మాట్లాడి, పైపు లావు చూసి, పాప బరువుకు ఎంత అన్నం, ఎంత పప్పు, ఎంత నూనె కావాలో రాసిచ్చింది. కొద్దికొద్దిగా మొదలుపెట్టమంది. పాప కక్కినా, జ్వరం వచ్చినా ఫోన్ చేయమంది.

మొదట్లోనే రాగిజావ చల్లారి గట్టిపడి పైపులో ఇరుక్కుంది. మహేశ్వరి సిరంజిని బలంగా నొక్కలేదు. ఆస్పత్రిలో నేర్పినట్టే గోరువెచ్చని నీళ్లు సిరంజితో మెల్లగా లోపలికి తోసి, వెనక్కి లాగి, మళ్లీ తోసింది. కాసేపటికి దారి వదిలింది. ఆ రోజు నుంచి ఏది చేసినా సన్నని జల్లెడలో వడకట్టి, సిరంజిలో జారుతుందో లేదో చూశాకే పాపకు పట్టేది.

అంతలో దౌల్తాబాద్ నుంచి అత్త నాగవ్వ వచ్చింది. గిన్నెలో మిగిలింది కోడలు పారబోస్తుంటే చూడలేకపోయింది.

"గింత మంచి పప్పన్నం పారబోస్తవా? మాపటికి పనికి రాదా?"

"వండి రెండు గంటలు దాటింది అత్తమ్మా. మనకైతే కడుపునొప్పితోని పోతది. దీనికైతే దవాఖాన్ల పడాలె."

"మేం పిల్లల్ని సాకలేదా?" అని నాగవ్వ మూతి ముడుచుకుంది.

మర్నాడు మహేశ్వరి ఆమెను పంపు దగ్గర నిలబెట్టింది. "చేతులు సబ్బుతోని కడుక్కో అత్తమ్మా, నేర్పిస్త." మిక్సీ గిన్నె మూత సందుల్లో జిడ్డు లేకుండా తోమడం, కందిపప్పు మెత్తగా ఉడికించడం, పాపను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టడం, తిండి పోసే ముందూ పోశాకా కాచి చల్లార్చిన నీళ్లతో పైపు కడగడం, అన్నీ చూపించింది. నాగవ్వ రెండు రోజులు గొణిగింది. మూడో రోజు సిరంజి తానే అందుకుంది.

ఒకరోజు పాప వికలాంగ సర్టిఫికెట్ పని మీద మహేశ్వరి వికారాబాద్ వెళ్లింది. తిరిగి వస్తుంటే ధారూర్‌లో రైలు ఆగిపోయింది. అప్పుడే నాగవ్వ ఫోను.

"కరెంటు పోయింది బిడ్డా. పప్పన్నం రోట్ల నూరాల్నా?"

"వద్దు, పలుకులు మిగుల్తయ్. ఈ ఒక్కపూటకు డబ్బా పొడి కలిపి మెల్లగ పట్టు. ఫికర్ జెయ్యకు, వస్తున్న."

ఇల్లు చేరి గుమ్మంలోంచే తొంగి చూసింది. శ్రేయ దిండ్లకు ఆనుకొని కూర్చుంది. నాగవ్వ సిరంజి ఎత్తి పట్టుకుంటే పాలు తమంతట తామే దిగుతున్నాయి.

"ముందుగాల చేతులు కడుక్కొని రాపో," అంది నాగవ్వ తల తిప్పకుండానే. "పొద్దుగాలటి పప్పన్నం పారబోసిన. కరెంటొచ్చినంక మల్ల వండుదాం."

మహేశ్వరికి నవ్వాగలేదు.

తర్వాతి చెకప్‌కు శ్రేయ బుగ్గలు నిండాయి. నిఖిల బరువు తూచి, నూనె ఇంకో చెంచా పెంచింది. బయట బెంచీ మీద పైపున్న బాబును ఒళ్లో పెట్టుకున్న ఓ తల్లి, ఇంటి తిండి ఎట్లా చేస్తావని మహేశ్వరిని అడిగింది.

"చెప్త గని," అంటూ మహేశ్వరి ఆమె పక్కకు జరిగి కూర్చుంది. "మొదలు లోపలికి పోయి మేడంని అడుగు. మీ బాబుకు ఏం సరిపడుతదో ఆమెనే చెప్పాలె. మిక్సీ సంగతి మాత్రం నేను చెప్త."