ఏడుపు సీను, మా నాన్న గొడుగు

మా చిన్నప్పుడు యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఎవరైనా రిటైరై ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే, ముందురోజు సాయంత్రం షామియానా వేసేవారు... శాలువా, మిక్చర్, మైసూర్‌పాక్, ఆపైన పిల్లల ప్రోగ్రాం. చివరిది ఎవరూ అడిగేవారు కాదు. అయినా తప్పేది కాదు.

మా పక్కింటి వసుంధరా మేడమ్ మాత్రం అడిగారు.

ఆవిడది రాజమండ్రి వైపు. తెలుగు డిపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి ఒకే నవల పాఠం చెప్పారు. ఆ నవలను ఎప్పుడో బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో సినిమాగా తీశారు. అందులో హీరో, తాను ప్రేమించిన అమ్మాయి గడప దగ్గర తన గొడుగు వదిలేసి, వానలో తడుస్తూ, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. "పిల్లలు ఆ గొడుగు సీను చేస్తే చాలు, నాకింకేం వద్దు" అన్నారు మేడమ్.

ఆ గురుతర బాధ్యతను నాలుగో తరగతి చదువుతున్న ఈ మహానటుడు స్వీకరించాడు.

ఆ సీను నాకు తెలియక కాదు... ఆదివారం టీవీ కామెడీ ప్రోగ్రాంలో చూశాను. గొడుగు తిరగబడుతుంది, హీరో బురదలో జారిపడతాడు, లేచి మళ్లీ పడతాడు. తార్నాక చౌరస్తాలో హోర్డింగ్ మీద చూశాను. అక్కడ గొడుగుకు బదులు సబ్బు వదిలి వెళతాడు. మల్కాజ్‌గిరి ఆటోల వెనకాల కూడా ఆ గొడుగు బొమ్మే. అసలు సినిమా తప్ప అన్నీ చూశాను.

మా నాన్న గొడుగు పట్టుకుని షామియానా కింద ప్రవేశించాను. బాతులా నడిచాను. మూడుసార్లు పడ్డాను. మూడోసారి గొడుగు మీదే పడ్డాను. ఒక చువ్వ విరిగింది. జనం పడీపడీ నవ్వారు. నా కళాజీవితంలో అంతటి విజయం మళ్లీ రాలేదు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. చేతిలోని మైసూర్‌పాక్ ప్లేటు మెల్లగా కింద పెట్టారు...

అమ్మ నా చెవి పట్టుకుని పక్కకు లాగింది. "ఏందిరా గది? అది ఏడ్సే సీను రా!"

"ఏడ్సే సీనా? టీవీల అందరు నవ్విండ్రు గదనే!"

"టీవోళ్లను నమ్మి నా పరువు తీసినవ్. పొద్దుగాల పోతరు మేడమ్. లేవంగనే పోయి సారీ చెప్పు. చెప్పకుంటే ఇంట్లకు రాకు."

పొద్దున్నే వెళ్లాను. అప్పటికే మంచాలు, పుస్తకాల పెట్టెలు లారీ ఎక్కాయి. హాల్లో టీవీ, ప్లేయర్, మేడమ్ మిగిలారు. నేను సారీ అనేలోపే ఆవిడే అడిగారు.

"అసలు సినిమా చూశావుట్రా నువ్వు?"

"లేదు మేడమ్."

"మరి ముందే చెప్పవేం నాన్నా! ఇలా కూర్చో."

డిస్క్ పెట్టారు. కథ నాలుగు ముక్కల్లో చెప్పి, నేరుగా వాన దగ్గరికి తీసుకెళ్లారు. టీవీ మోసుకెళ్లడానికి లారీ డ్రైవర్ లోపలికొచ్చాడు. "అరే, గిది ఆ కామెడీ సీను గదా!" అంటూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

హీరో గొడుగు ముడిచాడు. గడపకు ఆనించాడు. దాని మీద నుంచి చేయి తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది... అంతే. జారలేదు, పడలేదు. వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి వచ్చేసరికి, గొడుగు నుంచి కారిన నీళ్లు మాత్రం గడప దాటి లోపలికి వస్తున్నాయి.

డ్రైవర్ ముక్కు తుడుచుకున్నాడు. "సామాన్ల దుమ్ము, మేడమ్." నాకు ఆ సాకు కూడా దొరకలేదు.

"నవలలో ఇది రెండు వాక్యాలేరా" అన్నారు మేడమ్. "సినిమావాళ్లు నాలుగు నిమిషాలు చేశారు. టీవీవాళ్లు నలభైసార్లు చేశారు. నువ్వు ఒక్కసారికే గొడుగు విరగ్గొట్టావు."

"సారీ మేడమ్..."

"ఎందుకురా? ఎక్కడి రెండు వాక్యాలు, నీ దాకా వచ్చాయి కదా! జారిపడుతూ వచ్చాయి, అంతేగా."

లారీ కదిలింది. మేడమ్ సికింద్రాబాద్ స్టేషన్‌కు ఆటో ఎక్కారు. మండే ఎండ, వాన ఊసే లేదు. నేను ఇంట్లోకి పరుగెత్తి ఆ గొడుగు తెచ్చి, ఆవిడ పక్కన సీటుకు ఆనించి, వెనుదిరిగాను.

సినిమాలో అతను వెనక్కి చూడడు. నేను చూశాను. ఆటో మలుపు తిరిగేదాకా, ఆ చువ్వ విరిగిన గొడుగు బయటికి చాపి ఊపుతూనే ఉన్నారు మేడమ్.

మా నాన్న ఆ వానాకాలమంతా తడిశారు. ఆ పాత్రలో నిజంగా జీవించింది మా ఇంట్లో ఆయనొక్కరే.

ఇప్పుడు అదే క్యాంపస్‌లో పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. గొడుగు ఇంకా తిరుగుతూనే ఉంది... పెళ్లి ఫోటోషూట్లలో, వాట్సాప్ స్టికర్లలో. మొన్న హాస్టల్ జూనియర్ ఒకడు తన రీల్ చూపించాడు. వాడూ పడ్డాడు, నాకంటే బాగా. మనస్ఫూర్తిగా నవ్వాను.

"అసలుది చూసినవా తమ్మీ?" అన్నాను.

"అసలుది కూడా ఉన్నదా అన్నా?"

"ఉన్నది. కూసో."

అప్పట్లో ఒక్క సీను కోసం సామాన్ల లారీ ఆగింది... ఇప్పుడు ఫోన్ మీద మన బొటనవేలు ఆగడం లేదు. మీరూ ఏదైనా వెక్కిరింత ముందు చూసి, అసలుది తర్వాత చూశారా? అయితే కామెంట్లలో చెప్పండి... పక్కన కూర్చోబెట్టుకుని చూపించిన మనిషి గురించి కూడా ఒక మాట రాయండి.