పచ్చలైటు, తాత చెయ్యి

పచ్చలైటు చూస్తే భయపడే మనిషిని వరంగల్‌లో నేనొక్కణ్నే కాను. మా కూడలిలో ఆటోలు నడిపేవాళ్లందరికీ ఆ జబ్బుంది. తాత మాకు పెట్టిపోయిన ఆస్తి అదే.

తాత మా బంధువేమీ కాదు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, ఇంట్లో కూర్చోలేక, స్టేషన్‌వాళ్లిచ్చిన రేడియం జాకెట్ తొడుక్కుని రోజూ పొద్దున్నే కూడలి మధ్యలో నిలబడేవాడు. డెబ్బై దాటాయి. చలాను రాయడం ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు. హెల్మెట్ లేకుండా దొరికితే బండి తాళంచెవి పీకి జేబులో వేసుకునేవాడు. సాయంత్రం నడుచుకుంటూ మనింటికొచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు. చలానైతే కట్టి మరిచిపోవచ్చు. నా తాళంచెవి సంగతి మా అమ్మ నా పెళ్లిలో వియ్యాలవారికి కూడా చెప్పింది.

ఒక పొద్దున మాకు పచ్చలైటు పడింది. తాత మావైపే చెయ్యెత్తి ఆపాడు. ఎర్రలైటు దగ్గర బుద్ధిగా నిలబడ్డ పక్క రోడ్డువాళ్లను రమ్మన్నాడు.

"తాతకు కండ్లల్ల పొరలచ్చినయ్ సారూ," అన్నాడు పక్కనున్న ఆటో అన్న, ఇంజను ఆపేస్తూ.

"మరి చెప్పొద్దా?"

"నువ్వు చదువుకున్నోనివి. నువ్వే జెప్పు."

చదువుకున్నవాణ్ని కాబట్టే నోరు మూసుకున్నాను. ఆ కూడలి తీసేస్తే తాత దగ్గర ఇంకేమీ మిగలదని ఇద్దరికీ తెలుసు.

అప్పట్నుంచి మా కూడలిలో చట్టం మారింది. ఏ లైటైనా వెలగనీ, తాత చెయ్యెత్తితే ఆగాలి. ఎవరూ మీటింగు పెట్టలేదు, అందరూ పాటించారు. అయితే ఈ చట్టం మాకు తెలుసు. ఊరికి కొత్తగా వచ్చే బండికి ఎవరు చెబుతారు? అది చూడాల్సి వస్తుందేమోనని కొన్నాళ్లు వేరే దారిలో కాలేజీకి వెళ్లి చూశాను. క్లాసులో ఉండగా బయట అంబులెన్సు మోగితే చేతిలో చాక్‌పీసు విరిగేది. మళ్లీ ఆ దారికే వచ్చాను. కళ్లముందు పెట్టుకుని భయపడడమే కాస్త నయం.

మిర్చి సీజన్ వచ్చింది. ఆ రోజు కూడా మాకు పచ్చలైటే, తాత చెయ్యీ మావైపే. అందరం ఆగాం. ఆయన వీపు వెనక, ఎదురుగా ఆగిన బండ్లన్నిటినీ తప్పించుకుని, పక్క రాష్ట్రం లారీ ఒకటి మిర్చి బస్తాలతో వచ్చేస్తోంది. దానికీ పచ్చలైటే. హారన్ కొట్టింది. తాత కదల్లేదు.

ఆటో అన్న ఆటోను ఒక్క ఊపున తాత పక్కనుంచి పోనిచ్చి, లారీకి అడ్డంగా పెట్టాడు. బ్రేకులు కీచుమన్నాయి. లారీ ఆటోకు జానెడు దూరంలో ఆగింది. పైనుంచి ఒక బస్తా జారి రోడ్డు మీద పగిలింది.

"నాకు గ్రీనే కదా పడింది!" అని డ్రైవర్ అరిచాడు. అతనిదే న్యాయం.

తాత వెనక్కి తిరిగాడు. "ఎవడ్రా లైను తప్పింది?" అని తడుముకుంటూ వచ్చి ఆటో తాళంచెవి పీకేశాడు.

"తీస్కో తాతా," అన్నాడు ఆటో అన్న. అందరి కళ్లల్లో నీళ్లు. మిర్చి ఉండడం మంచిదైంది.

సాయంత్రం నేను కూడా ఆటో అన్న ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. కొడుకు అప్పటికే అంతా చెప్పినట్టున్నాడు. తాత వచ్చి, ఎప్పట్లాగే తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"చెల్లే, నీ కొడుకుకు జర బుద్ధి చెప్పు. లైను తప్పిండు."

"వాడు తప్పకుంటే నువ్వియ్యాల లారీ కింద ఉండేటోనివి అన్నా. నీకు లైటు కనవడ్తలేదు."

నేను గోడకేసి చూశాను.

"నాకెర్కనే," అన్నాడు తాత. "లైటు కనవడక చానా దినాలాయె. బండ్లయితే మసక మసకగ కనవడ్తయ్. మీరు ఆగుతాన్రు గదా అని చెయ్యెత్తుతాన."

"నువ్వెత్తుతానవని మేం ఆగుతానం తాతా!" అన్నాడు ఆటో అన్న.

అంటే ఇన్నాళ్లూ ఆ కూడలిని ఎవరూ నడపలేదు. బడిపిల్లల బస్సులూ, నా స్కూటరూ, అన్నీ అలాగే దాటాయి. లారీని చూసినప్పటికంటే ఎక్కువ భయం నాకు అప్పుడు, ఆ బీడీల చాట పక్కన వేసింది.

ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుని చెయ్యి చాపింది. "ఆ జాకెట్టిటియ్యి."

"ఎందుకే?"

"రేపు మీ ఇంటికచ్చి వదినె చేతుల పెడ్త. ఆమె ఇస్తే తొడుక్కో."

ఆ పద్ధతి తను పెట్టిందే కాబట్టి తాత వాదించలేకపోయాడు. జాకెట్టు విప్పి మడతపెట్టి ఇచ్చాడు. తాత భార్య తిరిగి ఇవ్వలేదు.

ఆ తర్వాత తాత చాయ్ హోటల్ ముందు కుర్చీలో కూర్చుని మమ్మల్ని తిడుతూ చాలాకాలం బతికాడు. మొన్న వానాకాలం జ్వరమొచ్చి, తన మంచం మీదే పోయాడు. లారీ కింద కాదు. అంతకంటే నేనేమీ కోరుకోలేదు.

అయినా నిన్న పచ్చలైటు పడగానే నా కాలు బ్రేకు మీదికే పోయింది. వెనకనుంచి ఆటో అన్న హారన్ కొట్టలేదు. తల బయటపెట్టి, "తాత లేడు సారూ," అన్నాడు. "పో."