అమ్మ ఏరిపెట్టిన ముక్కలు

సలాడ్ అనే మాట మా ఇంట్లోకి చెల్లెలితోనే వచ్చింది. అంతకుముందు మాకు తెలిసిందల్లా కీర ముక్కల మీద ఇంత ఉప్పూ కారం చల్లుకోవడమే. చెల్లెలు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాదులో ఒక హోటల్ వంటగదిలో చేరింది. వేడి తగలని వంటకాలు చేసే చోట తన పని. పండ్లు కొయ్యడం, ఆకులు కడగడం, పళ్లేలు అలంకరించడం. "పొయ్యి ముట్టియ్యకుంట చేసేది గూడ వంటనేనానే?" అని అమ్మ నవ్వేది.

రెండేళ్ల కిందటి మే నెలలో నేను పాపను తీసుకుని నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు, అమ్మ దగ్గరికి వెళ్లాను. పాపకు అప్పుడు మూడేళ్లు. నాకు మళ్లీ మూడో నెల. బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని కూర్చున్నాను. నేను అన్నిటికీ భయపడే మనిషిని. పాప రెండుసార్లు దగ్గితే చాలు, ఫోన్‌లో జబ్బుల పేర్లు వెతకడం మొదలుపెడతాను.

మరునాడు చెల్లెలు నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. బ్యాగులోంచి బట్టలకంటే ముందు ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో సగం కరిగిన ఐసు, ఐసు మధ్య రేకు కాగితంలో చుట్టిన అరచేతిలో పట్టేంత చీజ్ ముక్క. "ఫ్రిజ్‌ల పెట్టమ్మా, రేపు మీకొకటి చేసి పెడ్త," అని స్నానానికి వెళ్లింది.

అమ్మ కాగితం విప్పి చూసింది. తెల్లటి ముద్ద నిండా నీలం చారలు.

"అయ్యో, పిల్ల గంత దూరం నుంచి మోసుకొస్తె ఎండకు కరాబైంది. లోపటిదాంక బూజు పట్టింది చూడు."

నేనూ అలాగే అనుకున్నాను. పారేయడానికి అమ్మకు మనసు రాలేదు. తను చీరలు నేసే మగ్గం దగ్గరికి పట్టుకెళ్లి, తెగిన పోగులు అతికేటప్పుడు వెలుతురు కోసం కూర్చునే కిటికీ పక్కన కూర్చుంది. కడిగిన సూదితో ఆ నీలాన్ని కొంచెం కొంచెంగా తవ్వి తీయసాగింది. పట్టు అంచు మీద చిక్కు పడితే ఎంత ఓపిగ్గా విప్పుతుందో అంత ఓపిగ్గా.

తల తుడుచుకుంటూ వచ్చిన చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా! ఏం జేస్తున్నవే?"

"బూజు తీస్తున్న. పరేషాన్ గాకు, ఇంక జరంతనే ఉన్నది."

"అమ్మా, గా బూజు కోసమే దాన్ని తింటరే!"

"బూజును తింటరా? ఎవ్వలు? మీ హోటల్‌కొచ్చేటోళ్లకు ఇంట్ల బువ్వ దొర్కదా?"

చెల్లెలు గోడకు ఆనుకుని అలాగే జారి కింద కూర్చుని నవ్వింది. తేనెతుట్టెలా చిల్లులు పడిన ఆ ముక్కను ఎత్తి చూపించి, "అక్కా, ఎలుక గూడ గింత సాఫ్‌గ తినదే," అంది. అమ్మ సూదిని కొంగుకు తుడుచుకుంటూ, "గిది జున్ను గాదు, జబ్బు," అంది. ఆ రోజంతా ఎవరు ఎదురుపడినా నవ్వే. అంతగా నవ్విన రోజు ఆ తర్వాత మాకు రాలేదు.

మరునాడు మధ్యాహ్నం చెల్లెలు సలాడ్ చేసింది. కొల్లాపూర్ మామిడిపండ్లు, పుచ్చకాయ, నల్ల ద్రాక్ష, బొప్పాయి. అన్నీ ఒకే కొలతలో కోసింది. పుదీనా ఆకులు చేత్తో చింపి వేసింది. నిమ్మరసంలో తేనె, మిరియాల పొడి కలిపింది. హోటల్లో అయితే అక్రోట్లు వేస్తారట. ఇక్కడ పల్లీలు వేయించి పొట్టు ఊదేసి వేసింది. పైన చీజ్ చిదిమి చల్లింది. అంతా కలిపి పదిహేను నిమిషాలు పట్టిందేమో. "ఉప్పు ఆఖర్న, తినేముందు ఎయ్యాలె. ముందే ఏస్తివా, పండంత నీళ్లిడుస్తది," అని నాకు చెప్పింది.

పళ్లేలు చేతికిచ్చాక అమ్మ కేక వేసింది. "బొప్పాయి ఏసినవా? పెద్దది కడుపుతోని ఉన్నది, ఎర్క లేదా?"

"అయ్యో, మర్చిపోయిన అక్కా!"

అమ్మ నా పళ్లెం లాక్కుని గుమ్మం దగ్గరికి వెళ్లింది. మామిడి, బొప్పాయి రెండూ ఒకే రంగు, ఒకే కొలత. ఒక్కో ముక్కనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, బొప్పాయి అనిపించినవన్నీ ఏరి పక్కన పెట్టింది. ఇన్నేళ్ల మగ్గం పనితో అమ్మకు చూపు తగ్గింది. అయినా అద్దాలు పెట్టుకోదు. "ఇగ తిను," అని పళ్లెం తిరిగిచ్చింది.

చీజ్ సంగతి ఎవరికీ తట్టలేదు. నేను వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంటే చెల్లెలే మామిడి ముక్క మీద పెట్టి నోటికందించింది. ఒకటి, రెండు, మూడు. మూడోసారి నా పొట్ట దగ్గరికి వంగి, "ఏయ్ బుజ్జీ, నీక్కూడ పెడుతున్న. చిన్నమ్మను యాది పెట్టుకో," అంది. పాప కూడా వచ్చి అక్కడే ముద్దు పెట్టింది.

పన్నెండు రోజుల తర్వాత నాగర్‌కర్నూల్‌లో మామూలు స్కానింగుకు వెళ్లాను. డాక్టరమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. యంత్రాన్ని పొట్ట మీద అటూ ఇటూ జరిపింది. తెరను తన వైపు తిప్పుకుంది.

"గుండె కొట్టుకుంటలేదమ్మా. మీకిప్పుడు పన్నెండో వారం. లోపల ఎనిమిదో వారం దగ్గర్నే ఆగిపోయింది. ఇందుల మీ తప్పేం లేదు. చాలామందికి అయితది."

ఆ మాటలు విన్నాను. విన్నానన్నది ఇప్పుడు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత విననట్టే ప్రవర్తించాను.

దవాఖాన నుంచి వచ్చాక మూడు రోజులు పడుకునే ఉన్నాను. మా ఆయన పాపను ఆడించుకుంటూ, వండి పెడుతూ, నాతో ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాన్ వేగం పెంచుతూ తగ్గిస్తూ తిరిగారు. నేను ఫోన్ చూస్తూ ఉన్నాను. గర్భిణులు తినకూడనివి అని వెతికితే, ఒక జాబితాలో ఆ చీజ్ కనబడింది. మరో దానిలోనూ ఉంది, అందులోని క్రిములతో గర్భం పోవచ్చని. నాలుగో రోజు చెల్లెలికి ఫోన్ చేశాను.

"నీకు తెల్వదా? వంట చదువే చదివినవ్ కద. కడుపుతోని ఉన్నోళ్లకు అది పెట్టొద్దని నీకెవ్వరు చెప్పలేదా?"

వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. డ్యూటీలో ఉన్నట్టుంది.

"అక్కా... ఎన్ని ముక్కలు తిన్నవ్?"

"మూడు."

"మూడూ నేనే పెట్టిన గద," అంది. అంతే.

ఆ వారంలోనే దవాఖాన కాగితాలు ఫైల్లో సర్దుతూ స్కానింగు కాగితం చదివాను. ఎనిమిది వారాలు అని అందులోనూ ఉంది. గోడ మీది క్యాలెండర్ దగ్గర నిలబడి వేలితో వెనక్కి లెక్కపెట్టాను. సలాడ్ తిన్న రోజుకు అది ఆగిపోయి రెండు వారాలు దాటింది. చెల్లెలు వంగి మాట్లాడినప్పుడు, పాప ముద్దు పెట్టినప్పుడు, అక్కడ వినేవాళ్లెవరూ లేరు. ఆ చీజ్ దేన్నీ ఏమీ చెయ్యలేదు. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

లెక్క రాక కాదు, బీఎస్సీ చదివాను. అప్పుడే ఫోన్ చేసి చెప్పి ఉండాలి. చెయ్యలేదు. రేపు చేద్దాం అనుకున్నాను. ఎవరి తప్పూ కాదనుకుంటే, ఆ బాధ ఎక్కడ పెట్టాలో తెలియదు. చెల్లెలి తప్పు అనుకుంటే కోపంగానైనా ఉండొచ్చు. ఆ కోపంతో కొన్నాళ్లు లేచి తిరగగలిగాను, పాపకు జడ వెయ్యగలిగాను. తర్వాత చెబుదామంటే, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటుందని భయం. రోజులు పెరిగేకొద్దీ ఆ భయమూ పెరిగింది.

ఆ దసరాకు చెల్లెలు గద్వాల వచ్చింది. వంటింట్లోకి అడుగు పెట్టలేదు. అమ్మ వడ్డిస్తే తిని చెయ్యి కడుక్కుంది. పాప తన ఒళ్లోకెక్కి పళ్లెంలోని పూరీ ముక్క అడిగింది. చెల్లెలు తుంచిన ముక్కను చేతిలోనే పట్టుకుని నా వైపు చూసింది.

"పెట్టనా అక్కా?"

"పెట్టు," అన్నాను.

ఆ రెండు రోజులూ అంతే. బిస్కెట్‌కూ అడిగింది, అరటిపండుకూ అడిగింది. తన చేతులతో ఏదిచ్చినా ముందు నా మొహం చూసింది. అప్పుడైనా చెప్పలేకపోయాను.

మరుసటి వేసవిలో సెలవు దొరకలేదని రాలేదు. అమ్మ ఫోన్‌లో అంది, "చిన్నది ఇప్పుడు వంట చేస్తలేదంటనే. వచ్చిన సామాన్లు చూసుకునే కాడికి మార్పిచ్చుకున్నదంట. ఎందుకో చెప్తలేదు." నాకు తెలుసు ఎందుకో. తెలియనట్టు, "అవునా," అన్నాను.

ఈ ఏడు మేలో మళ్లీ గద్వాల వెళ్లాను. అమ్మ మగ్గం మీద ఉంది. నేను నేల మీద కూర్చుని పాప కోసం బొప్పాయి కోస్తున్నాను. మగ్గం చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే అమ్మ నా చేతిలోని పండునే చూస్తోంది.

"బిడ్డా, నీకొకటి చెప్పాలె. ఎవ్వలకు చెప్పలే ఇప్పటిదాంక."

"ఏందమ్మా?"

"గా రోజు నీ పళ్లెంల ఒక ముక్క మిగిలింది. నువ్వు తిన్నంక కడుగుతుంటె అడుగున దొరికింది. సగం కొరికి ఉన్నది. మామిడో ఏందో అని నోట్లేసుకుని చూసిన. బొప్పాయే." అమ్మ మగ్గం మీది పోగులను వేళ్లతో తడిమింది. "గింత సన్నపోగు అతుకుతగాని ఒక్క పండు ముక్కను చూడలేకపోయిన. నా కండ్లే తిన్నయి నీ బిడ్డను."

ఆ ఒక్క పళ్లెం పేరు మీద మా ఇంట్లో ఇద్దరు మనుషులు రెండేళ్లుగా ఇలా తమను తాము తిట్టుకుంటూ ఉన్నారు. ఆ స్కానింగు కాగితం నా ఫైల్లోనే ఉంది.

"అమ్మా, బొప్పాయి ఏం చెయ్యలే. ఎవ్వరేం చెయ్యలే. నేనిక్కడికి రాకముందే ఆగిపోయిందంట. డాక్టరమ్మ చెప్పింది."

"గప్పటికే...?"

"గప్పటికే."

అమ్మ కొంగుతో మొహమంతా తుడుచుకుంది. కొంచెం తేరుకున్నట్టు కనబడింది. తర్వాత ఏదో గుర్తొచ్చి నన్ను పట్టి చూసింది. "చిన్నది నన్నొకపారి అడిగింది. ‘అమ్మా, నువ్వు సూదితోని తీసినంక గా జున్నుల ఇంక నీలం ఉండెనా, మొత్తం తీసినవా’ అని. ఎందుకడిగిందో నాకు సమజ్ కాలె. దానికి చెప్పినవా నువ్వు?"

నేను మళ్లీ బొప్పాయి కొయ్యసాగాను. దాంతోనే అమ్మకు అంతా అర్థమైంది. తిట్టలేదు. మళ్లీ నేత మొదలుపెట్టింది. కాని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఇంటికి తిరిగొచ్చాక, ఆయన ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్తుంటే ఆ చీజ్ తెమ్మన్నాను. ఎందుకని అడగలేదు. స్టీలు డబ్బాలో ఐసు పెట్టి తెచ్చారు. ఉత్త చేతులతో చెల్లెలికి ఫోన్ చేసే ధైర్యం లేదు నాకు. ఏదో ఒకటి ముందు పెట్టుకుని మాట్లాడాలనిపించింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మామిడి, పుచ్చకాయ, ద్రాక్ష కోశాను. బొప్పాయి కూడా కోశాను. పల్లీలు వేయించాను. చీజ్ చిదిమాను. ధ్యాస ఫోన్ మీదుండి ఉప్పు కూడా అప్పుడే వేసేసి కలిపాను. గిన్నె ముందు పెట్టుకుని ఫోన్ చేశాను.

"చెల్లే, నీ సలాడ్ చేసిన. పండ్లదీ, నీలం చీజ్‌దీ."

"అక్కా, ఆగు," అంది వెంటనే. "కడుపుతోని లేవు గద?"

"లేను."

"అయితే తిను."

ఆ రెండు మాటలతో నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ చెబితే క్షమించమని బతిమాలినట్టుంటుందని ఆగాను. ఫైల్లోని కాగితం తీసి అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను. తేదీలు చెప్పాను. సలాడ్ ఎప్పుడు తిన్నానో చెప్పాను.

"గిది నీకెప్పుడు ఎర్కైంది?"

"గా వారమే."

"గా వారమే," అంది. నన్ను అడిగినట్టు లేదు. "రెండేండ్లు అక్కా."

"తప్పు నాది. నేనన్న మాట..."

ఫోన్ పెట్టేసింది. నేను మళ్లీ చెయ్యలేదు. చేసే హక్కు నాకు లేదనిపించింది. గిన్నెలో పండ్లన్నీ నీళ్లు విడిచాయి. ముక్కలు ఎర్రటి నీళ్లలో తేలుతున్నాయి, చీజ్ కరిగి తెల్లగా విరిగినట్టుంది. పాప వచ్చి చెంచాతో మామిడి ముక్కలు ఏరుకుని తింది. మిగతాది నేను తిన్నాను. ఉప్పగా ఉంది.

ఇవాళ పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "చిన్నది ఫోన్ చేసింది రాత్రి. మస్తు ఏడ్చింది. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టింది."

"ఏమని తిట్టింది?"

"గది నేనెందుకు చెప్త? నీ ముంగటికొచ్చి తిడ్తదంట. లీవ్ అడిగిందంట. నోరు మూసుకోని తిట్టిచ్చుకో."

"సరే అమ్మా."

పాప పడుకుంది. మిగిలిన చీజ్ ఫ్రిజ్‌లో రేకు కాగితంలో చుట్టే ఉంది. చెల్లెలు ఏ రోజు వస్తుందో ఇంకా చెప్పలేదు.