పూర్తిగా ఆడినదానికే ఓటు

నా పరువు నేనే, అదీ స్టేజీ ఎక్కి, హాలు నిండా జనం చూస్తుండగా తీసుకున్న కథ చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు హాల్లో నవ్వనిది నేనొక్కణ్నే.

అప్పట్లో నాకు వీడియో గేముల అవార్డులంటే ఒళ్లు మండేది. పేరున్న కంపెనీల ఆటలే నామినేషన్లలో ఉంటాయని, జడ్జీలు ట్రైలర్ చూసి ఓటేస్తారని, ఆడే తీరిక వాళ్లకెక్కడిదని ఊరంతా తిట్టుకుంటూ తిరిగేవాణ్ని. సికింద్రాబాద్‌లో సొంతంగా ఆటలు తయారుచేసుకునే మా మిత్రబృందం విని విని విసిగిపోయి, "అయితే నువ్వే పెట్టు ఒక అవార్డు" అంది. పెట్టాను. కొంప మునిగింది అక్కడే.

బహుమతి ఏమిటంటే, హైదరాబాద్‌లో జరిగే గేముల మేళాలో ఒకరోజు స్టాల్. అది మా బృందంలోని జ్యోతికి కావాలి. సీతాఫల్‌మండి అమ్మాయి, స్కూల్లో కంప్యూటర్ టీచరు. చర్చి నుంచి వచ్చాక మిగిలిన ఆదివారాలన్నీ రెండేళ్లపాటు ధారపోసి 'జెర జరుగు' అనే ఆట చేసింది. కిక్కిరిసిన లోకల్ ట్రైన్‌లో కూర్చున్నవాళ్లను కాస్త కాస్త జరిపి, నిలబడ్డవాళ్లకు చోటు చూపించాలి. ఆటలు కొనే కంపెనీలవాళ్లు వచ్చేది ఆ మేళాకే. కిందటిసారి ఆమెకు స్టాల్ దొరకలేదు.

"నాకేం సాయం చెయ్యకు ప్రభూ," అంది. "న్యాయంగా పెట్టు, చాలు."

"న్యాయం సంగతి నాకొదిలెయ్!" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆఫీసుకు సెలవు పెట్టి మరీ రూల్స్ రాశాను. ఆటలకు పేర్లుండవు, నంబర్లే. జడ్జీలు గేముల లోకంతో సంబంధం లేనివాళ్లు. పూర్తిగా ఆడినదానికే ఓటెయ్యాలి. తీర్పులో నిర్వాహకుడు, అంటే నేను, వేలు పెట్టకూడదు. చదువుకుని నేనే మురిసిపోయాను. దేశానికి రాజ్యాంగం రాసినవాళ్లయినా అంత మురిసి ఉండరు.

జడ్జీలు ముగ్గురు: మల్కాజ్‌గిరిలో మా పక్కింటి రిటైర్డ్ తెలుగు టీచరు కమలమ్మగారు, ఆవిడ కోడలు, మా వీధి జిరాక్స్ షాపు యాదగిరన్న. పోటీకి వచ్చిన ఆరు ఆటలూ వాళ్ల ఫోన్లలో ఎక్కించాను. ముందుగా ఫోన్లు సరిగా పనిచేస్తాయో లేదో చూద్దామని, నేనెప్పుడో సగంలో వదిలేసిన బంతి ఆటొకటి వేశాను. ఎర్ర బంతి మెట్లెక్కి తలుపు తీస్తుంది. తియ్యగానే స్క్రీన్ నల్లబడి అక్కడే చస్తుంది. దాన్ని తీసెయ్యడం మర్చిపోయాను. నంబర్లు వేసే పని ఓ ప్రోగ్రాంకి అప్పగించాను కదా, అది బుద్ధిగా దానికీ ఏడో నంబర్ వేసింది.

రెండు వారాల తర్వాత అవార్డు ప్రకటించే హాల్లో, స్టేజీ మీద నా పక్కనే నిలబడి కమలమ్మగారు మైకు అందుకున్నారు. "ముగ్గురి ఓట్లూ ఒకదానికే. ఏడో నంబర్!"

చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ నా చేతిలోని జాబితా చూశాను. ఆరే ఉన్నాయి!

"ఏం ముగింపు నాయనా!" ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంత కష్టపడి మెట్లెక్కి తలుపు తీస్తే లోపలంతా చీకటి. మనిషి బతుకంతా అందులో పెట్టేశాడు."

"టీచర్, అది ముగింపు కాదండీ. హ్యాంగ్ అయింది. అది నాది, పొరపాటున ఉండిపోయింది!"

"గట్ల తక్కువ చేసుకోకు తమ్మీ," అన్నాడు యాదగిరన్న. "ఆ చీకటి జూసి నాకు దిమాగ్ ఖరాబైంది."

వెనకనుంచి ఎవరో "నిర్వాహకుడే గెలిచాడ్రోయ్!" అని ఈల వేశారు. తీర్పు మార్చమని కమలమ్మగారిని బతిమాలాను. ఆవిడ నా రూల్స్ కాగితం నాకే చూపించారు. "వేలు పెట్టకూడదని నువ్వే రాశావు కదయ్యా."

అప్పుడు జ్యోతి లేచింది. "నాలుగో నంబర్ నాది. ఒక్క ఓటు సుత రాలేదా? అంత బాగలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

యాదగిరన్న ఉలిక్కిపడ్డాడు. "రైలు ఆట నీదా బిడ్డా? బాగలేదని ఎవరన్నరు? పొద్దుగాల షాపుల సుత అదే ఆడుతున్న, గిరాకీలు పరేషాన్ అయితున్నరు. ఇంకా పదకొండు స్టేషన్లున్నయి."

"నాకూ అవలేదమ్మా," అన్నారు కమలమ్మగారు. "మా కోడలు అది ఆడుతూ రెండుసార్లు పాలు పొంగించింది. దాన్ని పట్టుకున్నాక మిగతావి ముట్టుకుంటేగా! ఈ అబ్బాయేమో పూర్తిగా ఆడినదానికే ఓటన్నాడు. అంతకుముందే పూర్తయింది ఆ రెండు నిమిషాల ఏడోదొక్కటే."

జ్యోతి నా వైపు చూసింది. కొడుతుందేమో అనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వుతూ కుర్చీలో కూలబడింది.

గెలిచినవాడు స్టాల్లో ఎవరి ఆట పెట్టాలో మాత్రం, దేవుడి దయవల్ల, నా రూల్స్‌లో లేదు. మేళా రోజున అందులో జ్యోతిని కూర్చోబెట్టాను. ఆటలు కొనే కంపెనీ పెద్దమనిషి ఒకాయన పది నిమిషాలని వచ్చి గంటన్నర లేవలేదు. చివరికి, "దీనికి అవార్డేమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సార్, ఒక్క ఓటు సుత రాలే," అంది జ్యోతి. "జడ్జీలు ఇంకా ఆడుతున్నరు."

ఆయన వెంటనే జేబులోంచి తన కార్డు తీసి ఇచ్చాడు.

కనుక పాఠక మహాశయులారా, మా సికింద్రాబాద్ క్లాక్ టవర్ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ అవార్డులకు రూల్స్ రాయను. కాళ్లావేళ్లా పడి ఎవరైనా రాయమంటే ఒక్కటే రాస్తాను: ఏ ఆట ఆపమంటే జడ్జీలకు కోపమొస్తుందో, దానికే అవార్డు.