మనిషి కింద ఉన్నప్పుడు

యోగా శిబిరంలో అన్నిటికంటే తేలికైనది, చేతులూ కాళ్లూ వదిలేసి వెల్లకిలా పడుకోవడం. నాకంటే పెద్దవాళ్లు చేశారు. మోకాళ్లు మడవలేనివాళ్లు చేశారు. నాకు మాత్రం అది రాలేదు. నడుం వంచమంటే వంచాను, ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో గాలి పీల్చమంటే పీల్చాను, ఎవరితోనూ మాట్లాడొద్దంటే నా నోటిని కూడా ఎలాగో కట్టేసుకున్నాను. ఊరికే పడుకోమంటేనే చేతకాలేదు.

ఆ శిబిరానికి నా అంతట నేను వెళ్లలేదు, మా అమ్మాయి పంపింది. నాకు నిద్ర పట్టడం మానేసి చాలా రోజులైంది. కళ్లు లోపలికి పోయాయి, బీపీ మాత్రలు పెరిగాయి, ఇంట్లో గిన్నె కింద పెట్టినా అరుస్తున్నానని అందరూ నాకు దూరంగా తిరుగుతున్నారు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ఏ రోగమూ లేదన్నాడు. అయితే ఇట్లాగే నిద్ర లేకుండా సాగితే గుండె మీదికి వస్తుందని కూడా అన్నాడు. ఆ మాటకు మా అమ్మాయి భయపడింది. గోదావరి దాటి, మంచిర్యాల అవతల ఒక మామిడితోటలో వారం రోజులు యోగా, ధ్యానం నేర్పుతారని ఎవరో చెబితే నా పేరు ఇచ్చేసింది. మా ఆయన మా ఊరు ఖనిలోనే ఉండిపోయాడు. అన్నం తానే వండుకుంటానని ధైర్యం చెప్పాడు. ఆయన వంట సంగతి నాకు తెలుసు కాబట్టి పచ్చళ్లు మూడు రకాలు పెట్టి బయలుదేరాను.

తోటలో ముందు నా కళ్లకు ఆనింది తీగ మీద ఆరేసిన దుప్పట్లు. పొద్దున ఆరేసినవి సాయంత్రానికి కూడా తెల్లగానే ఉన్నాయి. మా దగ్గర తెల్లచీర ఆరేస్తే తీసేటప్పుడు దులిపి తీయాలి, దులిపినా అంచుల్లో బొగ్గు నుసి ఉండనే ఉంటుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మందు పెట్టి పేల్చినప్పుడు అల్మారాలో గ్లాసులు గలగలమంటాయి. ఏళ్ల తరబడి ఆ చప్పుడును తిట్టుకున్న దాన్ని, తోటలో ఆ వేళకు గ్లాసులు కదలకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు అయింది. ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మాట్లాడకూడదన్నారు గానీ ఏడవకూడదని అనలేదు కదా అని కాసేపు ఏడ్చాను.

మాకు నేర్పే అమ్మాయి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పవర్‌ప్లాంటులో పనిచేస్తున్న ఒక ఇంజనీరు కూతురు. మా అమ్మాయి కంటే చిన్నది. మెత్తటి గొంతు. రోజూ మధ్యాహ్నం భోజనమైన కొంతసేపటికి అందరినీ హాల్లో పడుకోబెట్టి, పాదాలు వదిలేయండి, పిక్కలు వదిలేయండి అంటూ పైదాకా వచ్చేది. నేను పాదాలు వదిలేదాన్ని. పిక్కలు వదిలేదాన్ని. నడుం దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే లేచి కూర్చుని ఉండేదాన్ని. హాలు నిండా జనం పడుకుని ఉంటే మధ్యలో నేనొక్కదాన్నే కాపలాదారులా కూర్చుని ఉండేదాన్ని. ఆ పిల్ల మెల్లగా వచ్చి భుజం మీద చెయ్యేసి మళ్లీ పడుకోబెట్టేది. ఆమె అటు తిరగగానే నేను ఇటు లేచేదాన్ని. నా మీద నాకే కోపం వచ్చేది.

రెండు మూడు రోజులు చూసి, ఒకరోజు నన్ను బయట చెట్టు కింద కూర్చోబెట్టుకుని నడుం నొప్పా అని అడిగింది. నాకోసం మౌనం కొంచెం సడలిస్తానంది. నొప్పి లేదన్నాను. మరి భయమా అంది. అప్పుడు చెప్పక తప్పలేదు.

నాకు పెళ్లై ఖనికి కాపురానికి వచ్చిన కొత్త. ఎండాకాలం. మా ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లాడు. నేను తిన్న గిన్నెలు కడిగేసి, నేల చల్లగా ఉందని కొంగు పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. ఇలా కన్ను మూశానో లేదో అత్త వచ్చి భుజం పట్టి కుదిపింది. ఆమెది కమాన్‌పూర్ దగ్గర పల్లె. మామ కూడా బొగ్గుబాయిలో చేసి, రిటైరై దిగిపోయినవాడే.

"లే బిడ్డా. మనిషి కింద ఉన్నప్పుడు ఆడది ఎల్లెలుకల పండుకోవద్దు. ఒక్క దిక్కు ఒరుగు, లేకుంటె కూసో."

ఎందుకని ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. కింద అంటే బొగ్గుబాయి లోపల అని మా ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. వెల్లకిలా పడుకుంటే కింద ఉన్న మనిషికి ఏమవుతుందో కూడా చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి మా ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ నేను వెల్లకిలా పడుకోలేదు. రాత్రి షిఫ్టయితే గోడ వైపు ఒరిగి కునుకు తీసేదాన్ని, అంతే.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో. క్వార్టర్ల వరుసలో ఒక్కో గుమ్మంలో ఒక్కో ఆడమనిషి కూర్చుని ఉండేది. ఒకామె బీడీలు చుట్టేది, ఒకామె బియ్యం ఏరేది, ఒకామె ఎవరి తలలోనో పేలు చూసేది. అందరూ మా అత్త చెప్పినట్టే కూర్చున్నారో, పని ఉండి కూర్చున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఊరికే కూర్చోలేక నేను మిషన్ కొనిపించుకున్నాను. కాలనీలో సగం మంది తొడిగిన జాకెట్లు మా ఆయన కింద ఉన్నప్పుడు నేను కుట్టినవే. పడుకోవడం నిషేధం కాకపోతే నాకు కుట్టుపని వచ్చేదే కాదు.

సైరన్ కూయగానే అందరి పొయ్యిల మీదా స్నానానికి నీళ్లెక్కేవి. కాసేపటికి సైకిళ్ల గంటలు. మా ఆయన వాకిట్లో నిలబడితే పళ్లూ కళ్లూ తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆయన స్నానం చేస్తుంటే నేను మోరీ దగ్గర నిలబడి చూసేదాన్ని. నీళ్లు నల్లగా పోయేవి, పోగా పోగా తేటగా వచ్చేవి. ఆ నల్లనీళ్లు పోవడం కళ్లారా చూశాకే వెళ్లి నడుం వాల్చేదాన్ని. వాల్చగానే నిద్ర పట్టేది. అంత మంచి నిద్ర మళ్లీ నాకు రాలేదు.

ఒకసారి మా వరుసలో ఒక మనిషి రాలేదు. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయాయి. ఆ ఇల్లాలు ఆ పూట పడుకుందా, కూర్చుందా అని ఎవరూ అడగలేదు. నేను మాత్రం మనసులో అడిగాను. తప్పని తెలుసు. అయినా అడిగాను. ఆ తర్వాత నా పట్టింపు ఇంకా ఎక్కువైంది.

మా ఆయన దిగిపోయిన రోజు దండలు వేశారు, శాలువా కప్పారు, డప్పులతో ఇంటిదాకా తెచ్చి దించారు. ఆయన డ్యూటీ అయిపోయిందని ఊరందరికీ తెలిసింది. నా డ్యూటీ అయిపోయిందని నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడాయన స్నానం చేస్తే తేటనీళ్లే పోతాయి. ఆయన పక్క గదిలో టీవీ చూస్తుంటాడు, నాకు తెలుసు. నా ఒంటికి తెలియదు. నల్లనీళ్లు ఎప్పుడు పోతాయా అని అది ఇంకా కూర్చునే ఉంది.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నాకు ఏ ఉపదేశమూ చెయ్యలేదు. చివరిరోజు ఇంట్లోవాళ్లు రావచ్చని, ఆ రోజు మౌనం కూడా ఉండదని మాత్రం చెప్పింది. "అంకుల్‌ని కూడా రమ్మనండి ఆంటీ. మీ పక్కనే చాప వేస్తాను."

మా ఆయన ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వచ్చాడు. పచ్చళ్లలో ఒకటి బూజు పట్టిందని రాగానే ఫిర్యాదు చేశాడు. హాల్లో నా పక్కన చాప మీద కూర్చుని, జనాన్ని చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. ఆ పిల్ల పడుకోమంది. అందరూ పడుకున్నారు. ఆయనా పడుకున్నాడు. పాదాలు, పిక్కలు, నడుం. నేను లేచి కూర్చున్నాను.

ఆయన కళ్లు తెరిచి, ఏమైందన్నట్టు చూశాడు.

"నాకు పండుకొనుడు రాదయ్యా" అన్నాను మెల్లగా. "నువ్వు ఇంక కిందనే ఉన్నట్టు అయితది."

అత్త చెప్పిన మాట ఆయనకు తెలుసు. నేను కూర్చునే ఉంటానని కూడా తెలుసు. ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. ఇప్పుడు పైకప్పు వైపు చూస్తూ ఒక మాటన్నాడు.

"నేను కింద మస్తు పండుకున్ననే."

నాకు ముందు అర్థం కాలేదు. అప్పుడు చెప్పుకొచ్చాడు. సద్ది తిన్నాక పైకప్పు బాగున్న చోట చూసుకుని, దొంతి పెట్టిన చెక్కల మీద వెల్లకిలా పడుకునేవాడట. టోపీ మీది లైటు ఆర్పేసేవాడట. ఎవరో ఒకరు లేపేదాకా ఒళ్లు తెలియని నిద్రట. అది కొద్దిసేపే అయినా, అంత హాయి ఇంట్లో మంచం మీద కూడా లేదట.

నాకు ఒళ్లు మండిపోయింది. గోడకు ఒరిగి తూగిన రాత్రులన్నీ, మిషన్ మీద తల వాలిపోయిన మధ్యాహ్నాలన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇక్కడ నేను కన్ను మూయకుండా కూర్చుంటే అక్కడ ఈయన కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

"నాకు ఒక్క మాట చెప్తె నీ సొమ్మేం పోయె?"

"చెప్తె నువ్వు గూడ పండుకుంటవ్" అన్నాడు. "నువ్వు కూసున్నవని ఎరికనే గద నాకు నిద్ర పట్టింది. ఇంటికాడ ఒకరు మేలుకొని ఉన్నరు, నాకేం కాదు అనుకుంట కండ్లు మూస్తుంటి. గా చీకట్ల ఉత్తగనే నిద్ర పడతదా?"

ఆయన చేతుల మీద బరువు వేసి లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి. చాప మీద బాసిపట్టు వేసుకుని, నావైపు వీపు పెట్టి, తలుపు కనిపించేలా కూర్చున్నాడు.

"ఇగ నువ్వు పండుకో. నేను కూసుంట."

ఆ పిల్ల దూరం నుంచి చూసింది. దగ్గరికి రాలేదు. నేను వెల్లకిలా పడుకున్నాను. కొంతసేపు కళ్లు తెరిచే ఉన్నాను. ఆయన మెడ మీద చర్మంలోకి దిగిపోయిన బొగ్గు మచ్చ ఒకటి నీలంగా కనిపిస్తూ ఉంది. ఎన్ని స్నానాలు చేసినా పోని మచ్చ అది. దాన్ని చూస్తూ ఎప్పుడు కళ్లు మూశానో తెలియదు.

మెలకువ వచ్చేసరికి హాలు ఖాళీ. చాపలన్నీ చుట్టి మూలన నిలబెట్టారు. నా పక్కన గ్లాసులో టీ మీగడ కట్టి ఉంది. కిటికీలోంచి ఎండ గోడ దాకా పోయింది. ఆయన అదే చోట, అలాగే కూర్చుని ఉన్నాడు.

"లేచినవా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "జర చెయ్యియ్యి. కాళ్లు తిమ్మిరెక్కినయ్, లేవొస్తలేదు."