మామ్మగారి పట్టా మీద ఎండిన గ్లౌజులు

ఒక్క క్రిమిని కూడా బతకనివ్వనని కంకణం కట్టుకుని, చివరికి డాక్టరుగారి రెండు చేతులకూ మంట పెట్టిన ఘనురాలిని నేనే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత తీరిక ఉండదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది దర్శి దగ్గర పల్లె. ఎండలు మొదలైతే ఇంటిల్లిపాదికీ మిరపకోతే. ఆ ఘాటుకో దణ్ణం పెట్టి, నర్సింగు చదివి, అద్దంకిలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను.

"నెల రోజులు చూస్తానమ్మా. థియేటరు శుభ్రంగా ఉంచితే ఉద్యోగం ఖాయం. లేదంటే దర్శి బస్సెక్కేయ్" అన్నారు డాక్టరుగారు.

బస్సెక్కితే మళ్ళీ మిరపచేనే! ఇక చూడండి నా శుభ్రం. చేతులు కడుక్కోనివాళ్ళను వార్డు గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. ఎవరైనా కళ్ళు నులుముకుంటే చాలు, కేకలే కేకలు.

అప్పట్లో మా దగ్గర ఆపరేషను గ్లౌజులు ఒకసారి వాడి పారేసేవాళ్ళం కాదు. కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, డ్రమ్ములో పెట్టి ఆవిరి పట్టించి మళ్ళీ వాడేవాళ్ళం. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న ఆయా మరియమ్మ వాటిని లోపలి గదిలో తాడు మీద ఆరేసేది. నాకది నచ్చితేనా! ఎండ తగిలితే క్రిములు మరింత చస్తాయని, సరిగ్గా నెల ముగిసే ముందురోజు వాటిని డాబా మీదకు పట్టుకెళ్ళాను. అక్కడ, పై వాటాలోనే ఉండే డాక్టరుగారి తల్లి, అందరూ మామ్మగారనే పెద్దావిడ, పరిచిన టార్పాలిన్ పట్టా ఖాళీగా కనపడింది.

"దానిమీద వద్దు సిస్టరమ్మా. నిన్నటిదాకా మామ్మగారు మిరక్కాయలు ఎండబోశారు" అంది మరియమ్మ.

"ఇప్పుడున్నాయా?"

"లేవనుకోండి, కానీ..."

"లేనప్పుడు కానీ ఏంటి? నర్సింగు చదివింది నువ్వా, నేనా?"

నేను గ్లౌజుల్ని ఒకవైపు ఎండబెట్టి, తిరగేసి లోపలివైపు కూడా ఎండబెట్టాను. అంత బుద్ధిమంతురాలిని!

మర్నాడు పొద్దున హెర్నియా ఆపరేషను. బల్ల మీద మిరపరైతు సుబ్బయ్యగారు. మత్తుసూది ఇంకా వెయ్యలేదు, అదొక్కటే నా అదృష్టం. డ్రమ్ము మూత తీశానో లేదో, మరియమ్మ ఖళ్ళున దగ్గింది.

"థియేటర్లో దగ్గుతావా? క్రిములు!" అని అరిచాను, నా గొంతూ పట్టేస్తుంటే.

డాక్టరుగారు గ్లౌజులు తొడుక్కున్నారు. కాసేపటికి మొహం అదోలా పెట్టారు. "ఏమ్మా, చేతులు మండుతున్నాయేంటి?"

"కొత్త సబ్బు కదండీ. మళ్ళీ కడుక్కోండి సార్, ఇంకో జత ఇస్తాను."

ఇచ్చాను. అదే డ్రమ్ములోంచి.

"అబ్బా! ఇంకా ఎక్కువైంది!"

"ఇంకో జత..."

"ఇంకో జత అన్నావంటే ఊరుకోను! ఏం కలిపావ్ ఇందులో?"

"ఏమీ లేదండీ, కావాలంటే చూడండి" అని నేనే ఒక జత తొడుక్కుని విప్పాను. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపు తన్నుకొచ్చింది. చేత్తో కళ్ళు ముట్టుకోవద్దని నెలరోజులుగా ఊరంతటికీ చెప్పిన మహాతల్లిని, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను.

నా కేకకు సుబ్బయ్యగారు బల్ల మీద లేచి కూర్చున్నారు. ఒక గ్లౌజు అందుకుని వాసన చూశారు.

"ఇది తేజ రకం మిరక్కాయండీ డాక్టరుగారూ. మంచి సరుకు. ఎవరి చేలోది?"

ఆపరేషను మర్నాటికి వాయిదా పడింది. మామ్మగారు వచ్చి కొడుకు చేతులు మజ్జిగ గిన్నెలో ముంచి, నా కళ్ళలో చెంబుల కొద్దీ నీళ్ళు కొట్టారు. "నా పట్టా జోలికి ఎందుకెళ్ళావే పిల్లా?" అని ఒకటే సాధింపు.

"సార్, నేను దర్శి బస్సెక్కేస్తానండి" అన్నాను వెక్కుతూ.

"కళ్ళు కనపడకుండా ఏ బస్సెక్కుతావు? కూర్చో!" అన్నారాయన మజ్జిగలోంచి చేతులు తియ్యకుండానే. "రేపట్నించి మరియమ్మ దగ్గర పని నేర్చుకో."

అందుచేత అయ్యలారా, అమ్మలారా, సబ్బుతో మూడుసార్లు కడిగిన ఈ కుడిచెయ్యి ఎత్తి ప్రకటిస్తున్నాను. ఆయా మాట కాదని ఈ జన్మలో ఏదీ ఎండబెట్టను. నా తలమీద ఒట్టు. కళ్ళమీద ఒట్టు పెట్టమని మాత్రం అడక్కండి, వాటికి ఆ రోజు పెట్టింది చాలు.