పాలికల్లో నీలగిరి మట్టి

చదువును నేను తొమ్మిదో తరగతిలోనే వదిలేశాను. అదే నన్ను వదల్లేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకొని కూర్చుంటాను. చుట్టూ అంత చదువున్నా నా బుర్రలో ఒక్క గింజ మొలవలేదంటుంది మా ఆవిడ. ఊరికే అనదు. అమ్మాయి పెళ్లికి నిజంగానే గింజలు మొలవలేదు మరి.

మా వాళ్లలో పెళ్లికి ముందు పాలికలు పోస్తారు. చిన్న మట్టి మూకుళ్లలో మన్ను నింపి, ముత్తయిదువలు నవధాన్యాలు చల్లి నీళ్లు చిలకరిస్తారు. మొలకలు పచ్చగా వస్తే పిల్ల కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం. పెళ్లి ముందురోజు వియ్యపురాలు వచ్చి చూసుకుంటుంది కూడా. ఆ మన్ను పుట్టమన్ను అయితే మంచిది.

"జర పుట్టమన్ను పట్టుకరా. నేను టైలర్ దగ్గరికి పోయొస్త, రవికలు బిగుతైనయ్" అంది మా ఆవిడ.

"నాంపల్లిల పుట్ట యాడుంటదే? ఉన్నయన్నీ కోర్టుల ఫైళ్ల పుట్టలే. నా పుస్తకాలకు చెదలు పట్టినయ్, అవి పుట్ట కట్టేదాంక లగ్గం ఆపుదామా?"

"నీ పరాచికాలు ఆపు. ఏదో ఒక మంచి మన్ను తే!"

మేం కిరాయికుండే ఇంటి వాకిట్లో ఒక నీలగిరి చెట్టుంది. మూడంతస్తుల ఎత్తు. దాని కింద గడ్డిపరక కూడా మొలవదు, కలుపు పీకే బాధ లేదని నేను మురిసిపోయేవాణ్ణి. అంత చెట్టును మోసే మట్టిలో ఎంత బలముండాలి! ఆకులు పక్కకు నెట్టి, నల్లగా పొడిపొడిగా ఉన్న మట్టిని గంపకెత్తాను. మా ఆవిడ మెచ్చుకుంది కూడా.

పాలికలు పోశారు. పెసలు మర్నాటికే పగలాలి. పగల్లేదు. ఆ మర్నాడు కూడా లేదు. మా ఆవిడ పొద్దున లేస్తూనే మూకుళ్ల ముందు కూర్చోవడం, వేలితో మట్టి కదిపి చూడడం, అన్నం సగంలోనే వదిలి లేచిపోవడం.

"పిల్లకు ఏమన్న అవుతదా?" అని ఒకసారి మెల్లగా అడిగింది. నేను లేచి మూకుళ్లలో ఇంకాసిని నీళ్లు చిలకరించాను.

ఆదివారం దుకాణం పరిచానన్నమాటే గాని మనసు మూకుళ్లలోనే ఉంది. నా దగ్గర పుస్తకాలు కొనే ఒక మేడమ్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. బేరం మధ్యలో ఆమెకు చెప్పేశాను.

"మట్టి ఎక్కడిది?" అన్నారు.

చెప్పాను. ఆమె నవ్వారు. "ఆ ఆకుల్లో ఘాటైన నూనెలుంటాయి. రాలిన ఆకులు తడిసి కుళ్లితే ఆ రసాయనాలు మట్టిలోకి దిగుతాయి. గింజను సరిగా మొలవనివ్వవు, లేత వేరును సాగనివ్వవు. పక్కన పంట వేసినా అంతే, గిడసబారుతుంది. నీళ్లూ ఆ చెట్టే లాగేస్తుంది, ఏది ఎంత చెరుపు చేస్తుందో విడదీసి చెప్పడం కష్టం."

నాకు మా నాయన పొలం గుర్తొచ్చింది. పక్కవాడి గట్టు మీద వరసగా నీలగిరులు. ఆ వైపు సాళ్లలో జొన్న ఏనాడూ మోకాలు దాటలేదు. పక్కవాడి దిష్టి తగిలిందని మా నాయన బతికినన్నాళ్లూ తిట్టాడు. పాపం, వాడి కళ్లకేం తెలుసు!

"అయితే అపశకునం కాదు కదా మేడమ్?"

"పెసలు జాతకాలు చూడవయ్యా. మట్టి మార్చు."

ఇంటికెళ్లి ఇదంతా చెబితే మా ఆవిడ నమ్మలేదు. మిద్దె మీద గోంగూర పెంచే డబ్బాలోంచి కాస్త మట్టి తీసి, కొబ్బరి చిప్పలో పోసి, గుప్పెడు పెసలు చల్లింది. రెండో పొద్దుకు తెల్లగా తోకలు బయటికొచ్చాయి. అప్పుడు నవ్వింది. పక్కింటి ఆడవాళ్లను మళ్లీ పిలిచి, చాయ్ పోసి, కొత్త మూకుళ్లలో పాలికలు మళ్లీ పోయించింది.

పెళ్లి ముందురోజు వియ్యపురాలు వచ్చి మొలకల మీద చెయ్యి ఆనించి చూసింది. "మంచిగ వచ్చినయ్ వదినా! యాడి పుట్టమన్ను ఇది?"

"మిద్దె మీదిది వదినా" అని మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నేను నోరు విప్పలేదు. నా జీవితంలో అరుదైన ఘట్టం అది.

అమ్మాయి కాచిగూడకు కాపురానికి వెళ్లిన మర్నాడు మా ఆవిడ పాత మూకుళ్లలోని మట్టిని చెట్టు మొదట్లోనే పోసేసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నిలబడింది. ఆమెను నవ్వించాలని అన్నాను: "ఏడుస్తవేందే? పాలికల తీర్గనే. నా నీడల నుంచి బయటపడ్డది, ఇగ మస్తుగ పెరుగుతది."

కొంగు దించి నన్ను ఎగాదిగా చూసింది.

"నేను నీ పక్కనే ఉన్న గదా ఇన్నేండ్ల సంది. ఎండిపోయిన్నా? మొన్ననే రవికల కుట్లన్నీ ఇప్పిచ్చుకొస్తిని!"